ఒకే కంపెనీ షేరు రెండు ఎక్స్ఛేంజీల్లో ఉంటే: ఆన్‌లైన్ బ్రోకర్ దగ్గర చిక్కుల్లేకుండా కొనడం, అమ్మడం ఎలా?

ఒక ఎక్స్ఛేంజీలో కొన్న 300 షేర్లను ఇంకో దేశపు ఎక్స్ఛేంజీలో అమ్మాను. కంపెనీ అదే, షేరూ అదే. ఆర్డర్ ఏ అడ్డూ లేకుండా వెళ్లిపోయింది, డబ్బు కూడా ఖాతాలో కనిపించింది. మర్నాడు హోల్డింగ్స్ పేజీ తెరిస్తే ఆ కంపెనీ పేరు రెండు వరుసల్లో ఉంది. పై వరుసలో 300. కింది వరుసలో, ఎర్రటి అంకెల్లో, మైనస్ 300. నా షేర్లు కదలకుండా ఉన్నచోటే ఉన్నాయి. నా దగ్గర లేని 300 షేర్లను అరువు తెచ్చి అమ్మినట్టు, అంటే షార్ట్ చేసినట్టు, బ్రోకర్ సాఫ్ట్‌వేర్ రాసుకుంది. అమ్మిన డబ్బు కనిపిస్తోంది గానీ తీసుకోవడానికి లేదు. కస్టమర్ కేర్‌లో నా మాట అర్థమయ్యే మనిషి దొరకడానికి రెండు రోజులు పట్టింది, సరిచేయడానికి ఇంకో రెండు రోజులు.

అప్పుడు తెలిసిన విషయం ఒకటుంది, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. మన దృష్టిలో కంపెనీ ఒకటే కాబట్టి షేరూ ఒకటే. బ్రోకర్ పద్దుల్లో అలా కాదు. ఏ ఎక్స్ఛేంజీ, ఏ కరెన్సీ, షేరు ఏ డిపాజిటరీలో (షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో దాచే సంస్థలో) భద్రంగా ఉంది అన్న మూడూ కలిస్తేనే అక్కడ ఒక షేరు. ఈ మూడింట్లో ఒక్కటి మారినా బ్రోకర్‌కి అది వేరే సరుకు. మీరు అమ్మబోతున్నదీ, మీ దగ్గర ఉన్నదీ ఆ మూడు లెక్కల్లోనూ ఒకటేనా అని ఆర్డర్ పెట్టకముందే తేల్చుకుంటే సగం తలనొప్పులు రావు.

మొదటి పని: మీరు కొంటున్నది షేరా, రసీదా తేల్చుకోండి

రెండు చోట్ల లిస్ట్ అయిన కంపెనీలన్నీ ఒక రకం కాదు. మూడు రకాలున్నాయి.

అన్నిటికన్నా సులువైనది, అచ్చంగా అదే షేరు రెండు చోట్లా ట్రేడ్ అయ్యే రకం. కెనడా కంపెనీలు చాలావరకు ఇలాంటివే. రాయల్ బ్యాంక్ ఆఫ్ కెనడా షేరు టొరంటోలోనూ, న్యూయార్క్‌లోనూ నడుస్తుంది. టొరంటోలో కొన్నదాన్ని న్యూయార్క్‌లో అమ్ముకోవచ్చు, ఎందుకంటే అది నిజంగా అదే షేరు. మారేది కరెన్సీ, దాన్ని దాచిపెట్టే చోటు, అంతే.

రెండో రకం డిపాజిటరీ రసీదులు. వీటిలో మనకు ఎక్కువగా తగిలేవి అమెరికాలో నడిచే ఏడీఆర్‌లు, అంటే అమెరికన్ డిపాజిటరీ రసీదులు. అసలు షేర్లను ఒక బ్యాంకు తన దగ్గర ఉంచుకుని, వాటి మీద రసీదులు జారీ చేస్తుంది. ఎక్స్ఛేంజీలో చేతులు మారేది ఆ రసీదు. ఇది కొత్త ఏర్పాటేమీ కాదు. లండన్‌లోని సెల్ఫ్రిడ్జెస్ షేర్లను అమెరికా మదుపరులు కొనుక్కోవడానికి వీలుగా 1927లో జేపీ మోర్గాన్ మొదటి ఏడీఆర్ తెచ్చింది. రసీదుకు షేరు, షేరుకు రసీదు మార్చుకోవచ్చు. కానీ దానికి డిపాజిటరీ బ్యాంకు దాకా వెళ్లాలి, ఫీజు కట్టాలి, కొన్ని రోజులు ఆగాలి.

మూడో రకం అరుదు గానీ అందులో దెబ్బతినే వాళ్లున్నారు. పేరు ఒకటే అయినా చట్టం దృష్టిలో రెండు వేర్వేరు కంపెనీలు. రియో టింటో పీఎల్‌సీ లండన్‌లో, రియో టింటో లిమిటెడ్ సిడ్నీలో నడుస్తాయి. గనులు, బోర్డు, డివిడెండ్ విధానం అన్నీ ఉమ్మడే. అయినా లండన్ షేరును సిడ్నీలో అమ్మలేరు. రెంటి ధరలూ సమానంగా ఉండాలన్న నియమం కూడా ఏమీ లేదు. బీహెచ్‌పీ కూడా ఇలాగే రెండుగా ఉండేది, 2022 జనవరిలో ఒక్కటయింది. కాబట్టి పాత సమాచారం చూసి నిర్ణయం తీసుకోకండి.

మీ కంపెనీ ఏ రకమో ఎక్కడ చూడాలి? దాని వెబ్‌సైట్‌లో ఇన్వెస్టర్ల పేజీకి వెళ్లండి. షేర్ల సమాచారం అన్నచోట ఏ ఎక్స్ఛేంజీల్లో ఉంది, ఏడీఆర్ ఉంటే ఒక రసీదుకు ఎన్ని షేర్లు, డిపాజిటరీ బ్యాంకు ఏది అన్నీ ఉంటాయి. బ్రోకర్ యాప్‌లో ఈ వివరాలు చాలాసార్లు ఉండవు.

నిష్పత్తి లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోండి

ఏడీఆర్ అనగానే ఒక రసీదుకు ఒక షేరు అనుకోవద్దు. టయోటా ఏడీఆర్ ఒక్కటి 10 షేర్లతో సమానం. హెచ్‌ఎస్‌బీసీది 5 షేర్లు, షెల్‌ది 2, అలీబాబాది 8.

అలీబాబా సంగతి కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే అందులో కంటిని మోసం చేసే కాకతాళీయం ఒకటుంది. లెక్క కోసం న్యూయార్క్‌లో ఏడీఆర్ 120 అమెరికన్ డాలర్లు అనుకుందాం. ఎనిమిదితో భాగిస్తే ఒక్క షేరు 15 డాలర్లు. హాంకాంగ్ డాలర్ అమెరికన్ డాలర్‌కు 7.75 నుంచి 7.85 మధ్యే ఉండేలా కట్టేసి ఉంది కాబట్టి 7.8తో గుణిస్తే 117. అంటే న్యూయార్క్ స్క్రీన్ మీద 120, హాంకాంగ్ స్క్రీన్ మీద 117. ఎనిమిదీ, 7.8 దగ్గరి అంకెలు కావడం వల్ల ధరలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఈ రెండంకెలు చూసి ‘హాంకాంగ్‌లో కాస్త చవక’ అనుకుని, న్యూయార్క్‌లో 100 రసీదులు అమ్మి హాంకాంగ్‌లో 100 షేర్లు కొన్న మనిషి తన పెట్టుబడిని ఎనిమిదో వంతుకు తగ్గించుకున్నట్టు. ఆర్డర్‌లో తప్పేమీ లేదు కాబట్టి బ్రోకర్ వైపు నుంచి ఏ హెచ్చరికా రాదు.

నిష్పత్తులు మధ్యలో మారతాయి కూడా. షేర్లు విభజించినప్పుడు కంపెనీ ఏడీఆర్ నిష్పత్తిని మార్చవచ్చు, అలాగే ఉంచవచ్చు. కొనే రోజు ఒకసారి, అమ్మే రోజు ఒకసారి సరిచూసుకోండి.

రెండో పని: టిక్కర్‌ను నమ్మకండి, ఐఎస్ఐఎన్ చూడండి

టిక్కర్ అంటే ఎక్స్ఛేంజీలో షేరుకు పెట్టే పొట్టి పేరు. న్యూయార్క్‌లో ‘టి’ అనే ఒక్క అక్షరం టిక్కర్ ఏటీ అండ్ టీది. టొరంటోలో అదే ‘టి’ టెలస్ కంపెనీది. రెండూ టెలికాం కంపెనీలే. టెలస్ న్యూయార్క్‌లో కూడా ఉంది, అక్కడ దాని టిక్కర్ ‘టియు’. టొరంటోలో కొన్న ‘టి’ని న్యూయార్క్‌లో అమ్ముదామని అలవాటు కొద్దీ ‘టి’ కొడితే, మీరు అమ్మేది మీ దగ్గర లేని ఇంకో కంపెనీ షేరు.

అందుకే ఐఎస్ఐఎన్. ప్రతి షేరునూ, రసీదునూ విడిగా గుర్తించే, పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్ ఇది. మొదటి రెండు అక్షరాలు దేశాన్ని చెబుతాయి, చివరి అంకె సరిచూసుకోవడానికి. టొరంటో, న్యూయార్క్ రెండు చోట్లా ఒకే ఐఎస్ఐఎన్ ఉంటే అది మొదటి రకం, అదే షేరు. వేర్వేరుగా ఉంటే రసీదో, వేరే కంపెనీయో అన్నమాట. అలీబాబా హాంకాంగ్ షేరు కోడ్ కేమన్ దీవుల ‘కేవై’తో మొదలవుతుంది, న్యూయార్క్ రసీదుది ‘యుఎస్’తో. ఒక్క చూపులో తేడా తెలిసిపోతుంది.

ఐఎస్ఐఎన్ ఒక్కటే చాలా అంటే, చాలదు. ఒకే ఐఎస్ఐఎన్ ఉన్న షేరు నాలుగు ఎక్స్ఛేంజీల్లో, మూడు కరెన్సీల్లో ట్రేడ్ అవుతూ ఉండొచ్చు. ఆర్డర్ పంపేముందు వచ్చే చివరి స్క్రీన్‌లో ఐఎస్ఐఎన్, ఎక్స్ఛేంజీ పేరు, కరెన్సీ మూడూ మీరనుకున్నవే అని చూసుకోండి. అందులో ఏదైనా కనిపించకపోతే ఆర్డర్ వివరాల్లోకి వెళ్లి వెతకండి. నేను ఇప్పటికీ ఆ స్క్రీన్‌ను ఫొటో తీసి పెట్టుకుంటాను. తర్వాత గొడవ వస్తే అదే సాక్ష్యం.

అమెరికాలో పెద్ద ఎక్స్ఛేంజీల బయట, ఓటీసీలో నడిచే విదేశీ షేర్లకు అయిదక్షరాల టిక్కర్లుంటాయి. చివరి అక్షరం ‘వై’ అయితే ఏడీఆర్, ‘ఎఫ్’ అయితే నేరుగా విదేశీ షేరు. నెస్లేకు రెండూ ఉన్నాయి. ‘ఎఫ్’ రకానికి చాలా బ్రోకర్లు విదేశీ సెటిల్‌మెంట్ పేరుతో అదనపు ఛార్జీ వేస్తారు, కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ కూడా తక్కువ. ప్రత్యేక కారణం లేకపోతే దాని జోలికి పోవద్దు.

మూడో పని: ధర ఏ యూనిట్‌లో ఉందో చూడండి

చిన్న విషయమే, కానీ పొరపాటు జరిగితే వంద రెట్లు జరుగుతుంది. లండన్‌లో చాలా షేర్ల ధర పౌండ్లలో కాదు, పెన్నీల్లో చూపిస్తారు. 2,500 అని కనిపిస్తే అది 25 పౌండ్లు. జొహానెస్‌బర్గ్‌లో సెంట్లలో, టెల్ అవీవ్‌లో అగొరోట్లలో చూపిస్తారు, అవీ వందో వంతులే. లిమిట్ ధర (ఇంతకు మించి కొనను, ఇంతకన్నా తక్కువకు అమ్మను అని మీరు పెట్టే హద్దు) ఏ యూనిట్‌లో నింపాలో బ్రోకర్‌ను బట్టి మారుతుంది. కొత్త ఎక్స్ఛేంజీలో మొదటిసారి కొనేటప్పుడు ఒకే ఒక్క షేరు కొని, ఎంత డబ్బు కట్ అయిందో చూసి, ఆ తర్వాతే పెద్ద ఆర్డర్ పెట్టండి. ఒక ఆర్డర్ కమీషన్ అదనంగా పోతుంది, పోనివ్వండి.

నాలుగో పని: కరెన్సీ మార్పిడికి ఎంత పోతోందో లెక్కగట్టండి

అసలు ఖర్చు ఇక్కడుంది. కమీషన్ సున్నా అని బ్రోకర్లు పెద్దక్షరాలతో చెప్పుకుంటారు, కరెన్సీ మార్పిడిలో తీసుకునేది మాత్రం ఎక్కడో చిన్నక్షరాల్లో ఉంటుంది. చాలాసార్లు అది ఫీజు రూపంలో కనిపించనే కనిపించదు. మార్కెట్‌లో ఉన్న మారకం రేటు కన్నా మీకిచ్చే రేటు కొంచెం తక్కువగా ఉంటుంది, ఆ తేడాయే వాళ్ల ఆదాయం.

మార్పిడికి ఒకటిన్నర శాతం తీసుకునే బ్రోకర్ దగ్గర 10,000 పెట్టి విదేశీ కరెన్సీలో షేర్లు కొన్నారనుకోండి. 150 అక్కడే పోయింది, షేర్లలోకి వెళ్లింది 9,850. ధర పైసా కదలకుండానే మర్నాడు అమ్మేశారు, డబ్బు మళ్లీ మీ కరెన్సీలోకి మారింది. ఇంకో ఒకటిన్నర శాతం పోయి మీ చేతికొచ్చేది 9,702. నష్టం దాదాపు 298. పెట్టింది పెట్టినట్టు వెనక్కి రావాలంటేనే షేరు మూడు శాతానికి పైగా పెరగాలి. మరోవైపు మార్కెట్ రేటుకే మార్చి, దాని మీద శాతంలో వందో వంతు కూడా తీసుకోని బ్రోకర్లూ ఉన్నారు. ఈ ఒక్క పద్దు దగ్గరే బ్రోకర్‌కీ బ్రోకర్‌కీ ఇంత తేడా వస్తుంది.

ఇంకా బాధ కలిగించేది ఆటోమేటిక్ మార్పిడి. విదేశీ కరెన్సీలో అమ్మిన డబ్బుతో మళ్లీ అదే కరెన్సీలో ఇంకో షేరు కొందామనుకుంటారు. బ్రోకర్ మాత్రం అమ్మగానే మీ కరెన్సీలోకి మార్చేసి, కొనేటప్పుడు మళ్లీ విదేశీ కరెన్సీలోకి మారుస్తాడు. డబ్బు ఎక్కడికీ పోకుండానే రెండుసార్లు కోత పడుతుంది. డివిడెండ్లు వచ్చినప్పుడూ ఇదే జరుగుతుంది.

కాబట్టి ఖాతా తెరవకముందే బ్రోకర్‌ను ఈ ప్రశ్నలు అడగండి, జవాబు మెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. విదేశీ కరెన్సీని అలాగే ఖాతాలో ఉంచుకోవచ్చా? ఆటోమేటిక్ మార్పిడిని ఆపేసుకోవచ్చా? ఆపితే డివిడెండ్లకు కూడా వర్తిస్తుందా? మార్కెట్ రేటు మీద ఎంత శాతం తీసుకుంటారు? చివరి ప్రశ్నకు ‘పోటీకి తగ్గ రేటు ఇస్తాం’ అన్న జవాబు వస్తే అది జవాబు కాదు, మళ్లీ అడగండి.

షేరునే వంతెనగా వాడుకోవడం

మార్పిడి ఖర్చు ఎక్కువున్న బ్రోకర్ల దగ్గర తెలివైన మదుపరులు కనిపెట్టిన దారి ఒకటుంది. కెనడాలో దీన్ని నార్బర్ట్స్ గ్యాంబిట్ అంటారు. రెండు కరెన్సీల్లో ట్రేడ్ అయ్యే ఒకే షేరును మీ కరెన్సీలో కొంటారు, దాన్ని బ్రోకర్ చేత రెండో కరెన్సీ వైపుకి మార్పించుకుంటారు, అక్కడ అమ్ముతారు. చేతికొచ్చేది విదేశీ కరెన్సీ. మార్పిడి జరిగింది, బ్రోకర్ రేటుతో పని పడలేదు. ఖర్చు రెండు కమీషన్లు, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఉండే స్ప్రెడ్, అంతే.

ఇందులో ప్రమాదం సమయం. షేరు ఆ వైపు నుంచి ఈ వైపుకు మారే రెండు మూడు రోజుల్లో ధర పడిపోవచ్చు. అందుకే దీనికి మామూలు షేరు కాకుండా, అమెరికన్ డాలర్లనే పట్టుకుని కూర్చునే ఫండ్ వాడతారు. టొరంటోలో డీఎల్‌ఆర్ అనే ఈటీఎఫ్ (ఎక్స్ఛేంజీలో షేరులా కొని అమ్మే ఫండ్) ఉంది, దాని యూనిట్లు కెనడా డాలర్లలో ఒక టిక్కర్ మీద, అమెరికన్ డాలర్లలో ఇంకో టిక్కర్ మీద నడుస్తాయి. దాని విలువ డాలర్ రేటును బట్టే తప్ప ఏ కంపెనీ జాతకాన్ని బట్టీ మారదు. చిన్న మొత్తాలకు ఈ శ్రమ దండగ. మార్పిడికి పోయేదానికన్నా రెండు కమీషన్లు ఎక్కువైతే నేరుగా మార్చుకోవడమే మేలు.

అయిదో పని: అమ్మకముందే షేర్లను అటువైపు చేర్చండి

నా మైనస్ 300 కథకు మూలం ఇదే. నేను అమ్మడం ముందు, మార్పించుకోవడం తర్వాత అనుకున్నాను. కొన్ని బ్రోకర్ల దగ్గర అమ్మగానే రెండు వరుసలూ వాళ్లే కలిపేస్తారు. కొన్నిచోట్ల ‘ఈ షేర్లు మీ దగ్గర లేవు’ అని ఆర్డర్‌ను తిప్పికొడతారు. తిప్పికొడితే నయం. ఒప్పుకుని షార్ట్‌గా రాసుకునే రకంతోనే ఇబ్బంది.

ఒక ఎక్స్ఛేంజీ వైపు నుంచి ఇంకో వైపుకి షేర్లను మార్చడాన్ని బ్రోకర్లు జర్నలింగ్ అంటారు. అదే షేరు అయితే ఇది చాలావరకు బ్రోకర్ లోపలి పద్దు మార్పు, ఉచితంగానే చేస్తారు. ఏడీఆర్‌ను షేరుగా మార్చడాన్ని మాత్రం కన్వర్షన్ అంటారు, దీనికి డిపాజిటరీ బ్యాంకు ఒక్కో రసీదుకు 5 సెంట్ల దాకా తీసుకుంటుంది, బ్రోకర్ తన ఫీజు వేరేగా వేస్తాడు. మీకు కావలసింది ఏదో తెలుసుకుని ఆ పేరుతోనే అడగండి.

ఎలా అడగాలన్నది ముఖ్యం. ‘నా షేర్లు న్యూయార్క్‌లో అమ్మాలి’ అంటే కస్టమర్ కేర్ వాళ్లు అమ్మకం ఆర్డర్ తీసుకుంటారు. ఇలా చెప్పండి: ‘ఫలానా ఐఎస్ఐఎన్ షేర్లు 300 నా కెనడా డాలర్ ఖాతాలో ఉన్నాయి. సెటిల్ అయిపోయాయి. వాటిని అమెరికన్ డాలర్ ఖాతాలోకి, న్యూయార్క్ టిక్కర్ కిందికి జర్నల్ చేయండి. ఇప్పుడే అమ్మవద్దు. ఎప్పటికి పూర్తవుతుందో చెప్పండి.’ ఫోన్ తీసినవాళ్లకు జర్నల్ అన్న మాట తెలియకపోతే ట్రేడింగ్ డెస్క్‌కు కలపమని మర్యాదగా అడగండి. వాళ్లకు రోజూ చేసే పనే కాబట్టి మీరు చెప్పేది వెంటనే అర్థమవుతుంది. మాట్లాడాక అదే విషయాన్ని ఖాతాలోని మెసేజ్‌ల ద్వారా కూడా పంపండి, తేదీతో సహా రికార్డు ఉంటుంది.

అడిగే ముందు మూడు సంగతులు చూసుకోవాలి.

ఒకటి, సెటిల్‌మెంట్. మీరు కొన్న షేర్లు మీ పేరున నిజంగా చేరడానికి ఎన్ని రోజులు పడుతుందో ఎక్స్ఛేంజీని బట్టి మారుతుంది. అమెరికాలో 2024 మే 28 నుంచి, కెనడాలో అంతకు ఒక రోజు ముందు నుంచి టి ప్లస్ 1, అంటే ట్రేడ్ జరిగిన మర్నాటి పనిదినం. లండన్, యూరప్ ఎక్స్ఛేంజీల్లో ఇంకా టి ప్లస్ 2, అక్కడ 2027 అక్టోబర్ 11న టి ప్లస్ 1కి మారాలని నిర్ణయించారు. హాంకాంగ్‌లోనూ టి ప్లస్ 2. ఇప్పుడు సోమవారం లండన్‌లో షేర్లు కొని, వాటినే నమ్ముకుని సోమవారం సాయంత్రం న్యూయార్క్‌లో రసీదులు అమ్మారనుకోండి. మంగళవారం న్యూయార్క్‌లో అప్పజెప్పాలి. లండన్ షేర్లు మీ చేతికొచ్చేది బుధవారం, ఆ తర్వాత కన్వర్షన్. మంగళవారం మీ దగ్గర అప్పజెప్పడానికి ఏమీ లేదు. బ్రోకర్ మార్కెట్‌లో కొని మీ తరఫున ఇచ్చేస్తాడు, ఆ ధర మీ ఖాతాలో పడుతుంది. కాబట్టి కొన్నవి సెటిల్ అయ్యాక జర్నల్ లేదా కన్వర్షన్, అది పూర్తయ్యాక అమ్మకం. ఈ వరుస తప్పొద్దు.

రెండు, డివిడెండ్ తేదీలు. డివిడెండ్ రికార్డు తేదీ (డివిడెండ్ ఎవరికివ్వాలో కంపెనీ లెక్క చూసే రోజు) చుట్టుపక్కల, బోనస్, విభజన వంటివి ఉన్నప్పుడు డిపాజిటరీ బ్యాంకులు కన్వర్షన్ ఆపేస్తాయి. పుస్తకాలు మూసేశాం అంటారు. మీ దరఖాస్తు మధ్యలో చిక్కుకుంటే అది తెరిచేదాకా షేరూ అమ్మలేరు, రసీదూ అమ్మలేరు.

మూడు, ముక్కలు. 12.4 షేర్లుంటే ఆ 0.4 అటు వెళ్లదు. బ్రోకర్ దాన్ని అమ్మి డబ్బు ఇస్తాడు. అలాగే ఎనిమిదికి ఒకటి చొప్పున మారే చోట 100 షేర్లిస్తే 12 రసీదులే వస్తాయి, 4 షేర్లు మిగిలిపోతాయి.

పూర్తయిందని ఎలా తెలుస్తుంది? పాత వరుస మాయమై, కొత్త టిక్కర్ కింద అంతే సంఖ్య కనిపించాలి. రెండు వరుసలూ కనిపిస్తున్నంతసేపూ అమ్మకండి.

ఆరో పని: ఏ ఎక్స్ఛేంజీలో, ఏ వేళప్పుడు

ఎక్కడ ఎక్కువ వ్యాపారం జరుగుతుందో అక్కడ కొనడం, అక్కడే అమ్మడం సాధారణంగా చవక. రోజుకు లక్షల షేర్లు చేతులు మారేచోట స్ప్రెడ్ సన్నగా ఉంటుంది. ఫ్రాంక్‌ఫర్ట్, స్టుట్‌గార్ట్ వంటి చోట్ల వేల విదేశీ షేర్లకు ధర కనిపిస్తుంది గానీ అసలు ఎక్స్ఛేంజీ మూసేసి ఉన్న వేళ ఆ ధరల మధ్య దూరం భయపెడుతుంది. కొందరు బ్రోకర్లు మీరు చెప్పకపోతే ఆర్డర్‌ను ఇలాంటి చోటికి పంపేస్తారు. ఆర్డర్ పేజీలో ఎక్స్ఛేంజీ ఎంచుకునే చోటు ఉంటే తప్పకుండా మీరే ఎంచుకోండి.

రెండు ఎక్స్ఛేంజీలూ తెరిచి ఉన్న వేళ ధర నిజాయితీగా ఉంటుంది. టొరంటో, న్యూయార్క్ వేళలు ఒకటే కాబట్టి ఇబ్బంది లేదు. లండన్, న్యూయార్క్ కలిసి ఉండేది రోజుకు రెండు గంటలే, లండన్ సమయం మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగున్నర దాకా. మార్చిలో అమెరికా గడియారాలు యూరప్ కన్నా ముందే మారతాయి కాబట్టి ఆ రెండు మూడు వారాలు న్యూయార్క్ ఒక గంట ముందు తెరుచుకుంటుంది. హాంకాంగ్, న్యూయార్క్ అయితే అస్సలు కలవవు. ఒకటి మూసేశాకే ఇంకోటి తెరుచుకుంటుంది.

ఈ కలవకపోవడం వల్ల స్టాప్ లాస్ (ధర ఒక హద్దు కిందికి పడితే అమ్మేయమని ముందే పెట్టే ఆర్డర్) మీద నమ్మకం సడలాలి. మీరు స్టాప్ లాస్ ఏ ఎక్స్ఛేంజీలో పెట్టారో అక్కడి ధర చూసే అది కదులుతుంది. హాంకాంగ్‌లో పెట్టి నిద్రపోతే, ఆ రాత్రి న్యూయార్క్‌లో రసీదు పదిహేను శాతం పడ్డా మీ ఆర్డర్‌లో చలనం ఉండదు. పొద్దున్న హాంకాంగ్ తెరుచుకోగానే ధర నేరుగా కింద మొదలవుతుంది, మీ స్టాప్ ఆ కింది ధరకే అమ్మేస్తుంది.

ఎప్పుడూ లిమిట్ ఆర్డరే పెట్టండి. ఈ రకం షేర్లలో మార్కెట్ ఆర్డర్ (దొరికిన ధరకే జరిగిపోయే ఆర్డర్) పెట్టాల్సిన అవసరం నాకు ఇంతవరకూ కనిపించలేదు. టోక్యోలో 100 షేర్ల చొప్పున, హాంకాంగ్‌లో కంపెనీ నిర్ణయించిన లాట్ చొప్పున కొనాలి. లాట్ కన్నా తక్కువ షేర్లు చేతిలో మిగిలితే మామూలు ధరకు అమ్ముడుపోవు.

రెండు చోట్ల ధరల్లో తేడా కనిపించి, ఇక్కడ కొని అక్కడ అమ్మేస్తే లాభమే కదా అనిపిస్తుంది. చాలామందికి అనిపిస్తుంది, నాకూ అనిపించింది. ముందు ఆ రెండు ధరల్లో ఏది ఎప్పటిదో చూడండి. ఉచితంగా చూపించే ధరలు చాలావరకు పదిహేను నిమిషాల పాతవి. ఒకటి ఇప్పటిది, ఇంకోటి పావుగంట కిందటిది, మారకం రేటు నిన్నటిది అయితే లేని లాభం కనిపిస్తుంది. నిజంగా తేడా వస్తే దాన్ని సెకనులోపే పట్టేసే సంస్థలు ఉన్నాయి.

ఏడో పని: డివిడెండ్, పన్ను

డివిడెండ్ మీద ముందే కోసే పన్ను కంపెనీ ఏ దేశానిదో దాన్ని బట్టి ఉంటుంది, మీరు ఎక్కడ కొన్నారన్నదాన్ని బట్టి కాదు. కెనడా కంపెనీ షేరును న్యూయార్క్‌లో కొన్నా కెనడా పన్నే కోస్తారు. మీ దేశానికి వాళ్లతో ఒప్పందం ఉంటే రేటు తగ్గుతుంది, కానీ దానికి కావలసిన ఫారం బ్రోకర్‌కు మీరు ముందే ఇచ్చి ఉండాలి. ఏడీఆర్ అయితే డిపాజిటరీ బ్యాంకు ఫీజు రసీదుకు కొన్ని సెంట్ల చొప్పున అదనం. డివిడెండ్ తక్కువిచ్చే కంపెనీలో ఆ సెంట్లు కూడా తెలుస్తాయి.

కొనేటప్పుడు పడే పన్ను మాత్రం చోటును బట్టి మారుతుంది. బ్రిటన్ కంపెనీ షేర్లను లండన్‌లో కొంటే సాధారణంగా అర శాతం స్టాంప్ పన్ను, అదే కంపెనీ ఏడీఆర్ న్యూయార్క్‌లో కొంటే అది లేదు. హాంకాంగ్‌లో 2023 నవంబర్ నుంచి కొన్నా అమ్మినా 0.1 శాతం.

లాభం మీద పన్ను లెక్కకు కొన్న రోజు మారకం రేటు, అమ్మిన రోజు మారకం రేటు రెండూ కావాలి. జర్నల్ చేసినప్పుడు బ్రోకర్ కొత్త వరుసలో కొనుగోలు ధరను ఆ రోజు ధరగా మార్చేయడం, లేదా సున్నా చూపించడం మామూలే. అసలు కొన్న తేదీ, ధర, రేటు మీ దగ్గర వేరేగా రాసి ఉంచుకోండి. అయిదేళ్ల తర్వాత బ్రోకర్‌ను అడిగితే దొరుకుతుందన్న భరోసా లేదు.

ఒక ఎక్స్ఛేంజీ తలుపులు మూసేస్తే

ఇలాంటిది జరగదులే అనుకోవద్దు. 2021 జనవరిలో చైనా మొబైల్, చైనా టెలికాం, చైనా యూనికామ్ ఏడీఆర్‌ల ట్రేడింగ్‌ను న్యూయార్క్ ఎక్స్ఛేంజీ ఆపేసి, ఆ తర్వాత వాటిని తీసేసింది. 2022లో దీదీ అక్కడి నుంచి వెళ్లిపోయింది. 2022 మార్చి నాటికి రష్యా కంపెనీల రసీదులు లండన్‌లోనూ, న్యూయార్క్‌లోనూ ఆగిపోయాయి, చాలామంది మదుపరుల డబ్బు అందులోనే ఇరుక్కుంది.

చైనా టెలికాంలవంటి సందర్భంలో హాంకాంగ్ షేర్లు ఉన్నాయి కాబట్టి రసీదులిచ్చి షేర్లు తీసుకునే దారి ఉంది. కానీ ఆ దారి మీకు తెరుచుకోవాలంటే మీ బ్రోకర్ హాంకాంగ్ షేర్లను ఉంచగలగాలి. కొన్ని ఆన్‌లైన్ బ్రోకర్లు ఉంచలేవు. ఇది తీసేస్తామని నోటీసు వచ్చాక అడిగే ప్రశ్న కాదు, కొనేముందు అడగాల్సింది: ‘ఈ ఏడీఆర్ ఆగిపోతే అసలు షేర్లను మీ దగ్గరే ఉంచుకోగలనా?’ లేదంటే ఉంచగలిగే ఇంకో బ్రోకర్ దగ్గర ఖాతా తెరిచి పెట్టుకోండి. నోటీసు వచ్చాక అందరూ ఒకేసారి పరిగెత్తుతారు, బదిలీలు వారాల తరబడి ఆగుతాయి. నోటీసులో కన్వర్షన్ చివరి తేదీ ఉంటుంది. మీ బ్రోకర్ అంతర్గత గడువు దానికన్నా కొన్ని రోజులు ముందే ముగుస్తుంది, ఆ రెండో తేదీ అడిగి తెలుసుకోండి.

అమ్మిన తర్వాత

అమ్మిన మూడో రోజు హోల్డింగ్స్ పేజీ కాదు, లావాదేవీల పట్టిక తెరవండి. రెండు కరెన్సీల పట్టికలూ చూడాలి. ఒకదాంట్లో షేర్లు పోయినట్టు, ఇంకోదాంట్లో డబ్బు వచ్చినట్టు ఉండాలి. మధ్యలో కరెన్సీ మార్పిడి అన్న వరుస మీరు అడగకుండా కనిపిస్తే అదే రోజు రాయండి. ఆ రోజే చెబితే వెనక్కి తిప్పడానికి వీలుంటుంది, వారం దాటితే రేటు మారింది అంటారు.

మైనస్ అంకె కనిపిస్తే కంగారుపడి కొత్తగా షేర్లు కొని పూడ్చేయకండి. అసలు షేర్లు మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి, అలా చేస్తే రెట్టింపు కొన్నట్టవుతుంది. రెండు వరుసల ఫొటోలూ తీసి, ఐఎస్ఐఎన్ రాసి, ‘ఈ ప్లస్ 300ని ఆ మైనస్ 300తో జర్నల్ చేసి సరిపెట్టండి, అమ్మిన తేదీ నుంచే లెక్కలోకి వచ్చేలా చేయండి’ అని రాయండి. ఆ చివరి ముక్క మరవద్దు. నెలాఖరుకు షార్ట్ వడ్డీ అని ఒక చిన్న మొత్తం కోతగా వచ్చే అవకాశం ఉంది, నాకు వచ్చింది. అమ్మిన తేదీ నుంచే సరిపెట్టమని నేను రాసిన మెసేజ్ చూపించాక రెండు పనిదినాల్లో ఆ మొత్తం తిరిగి జమయింది.